పదహారణాల లెక్క తెలియకుంటే వాటాకే ఎసరు

పాత ఆస్తి పత్రాల్లో 'ఆరణాల వంతు', 'వీసం వాటా' వంటి మాటలు నేటికీ దర్శనమిస్తున్నాయి. దశాంశ లెక్కలకు అలవాటుపడిన వారసులు వీటిని నూటికి ఇంత అని చదువుకుంటే వాటా తారుమారవుతుంది. నాలుగెకరాల భూమిలో ఆరణాల వంతు అంటే నూటికి ఆరు కాదు, పదహారింట ఆరు. అనగా ఎకరంన్నర. శాతంగా లెక్కగడితే చేతికి వచ్చేది 24 సెంట్లే!

నాలుగే ఆధారం

తెలుగువారు ఒకట్లు, పదులు, వందలను దశాంశ పద్ధతిలోనే లెక్కించారు. ఒకటికి లోపలి భాగాలకు మాత్రం నాలుగును ఆధారం చేసుకున్నారు. ఒకటిలో నాలుగో వంతు 'కాలు'. కాలులో నాలుగో వంతు 'వీసం', అంటే పదహారో వంతు. వీసంలో నాలుగో వంతు 'కాణి', అంటే 64వ వంతు. రెండు వీసాలైతే పరక, మూడైతే మువ్వీసం.

ఈ పద్ధతిలోని సౌలభ్యం స్పష్టమే. ధాన్యపు రాశిని సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయడం కంటి అంచనాతోనే సాధ్యం. పది సమభాగాలు చేయడం అంత సులభం కాదు.

నిలువు గీత, అడ్డ గీత

ఈ భాగాలను రాయడానికి ప్రత్యేక గుర్తులుండేవి. కాలు, అర, ముప్పాతికలకు వరుసగా ఒకటి, రెండు, మూడు నిలువు గీతలు. వీసం, పరక, మువ్వీసాలకు అదే వరుసలో అడ్డ గీతలు. ఒక నిలువు గీత పక్కన మూడు అడ్డ గీతలుంటే కాలు మీద మువ్వీసం, అంటే పదహారింట ఏడు. రూపాయి లెక్కలో ఏడణాలు. కంప్యూటర్లలో లిపులకు ప్రమాణమైన యూనికోడ్‌లో ఈ గుర్తులకు 2008లో స్థానం లభించింది.

కొలతల్లోనూ ఇదే ధోరణి. ప్రాంతాన్ని బట్టి పరిమాణం మారినా, నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము అన్నది వాడుకలోని లెక్క. ఆపైన మాత్రం ఇరవై తూములు పుట్టి.

నాణెం పోయినా పేరు నిలిచింది

రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు చొప్పున సాగిన నాణేల లెక్క 1957 ఏప్రిల్ 1న మారింది. రూపాయికి వంద నయాపైసలయ్యాయి. అయినా 25 పైసలను జనం పావలా అనే పిలిచారు. ఆ నాణెం సైతం 2011 జూన్ 30తో చెలామణి నుంచి తొలగింది. పేరు మాత్రం 'పావలా వడ్డీ'లో మిగిలింది. నెలకు నూటికి 25 పైసలు, అంటే ఏడాదికి 3 శాతం. ఏ లోపమూ లేనిదాన్ని 'పదహారణాల' అనడం కూడా ఆ నిండు రూపాయి జ్ఞాపకమే.

గుంటలతో జాగ్రత్త

భూమి లెక్కలో ఈ చిక్కు నేటికీ తొలగలేదు. ఆంధ్ర ప్రాంతంలో ఎకరానికి వంద సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. తెలంగాణ పత్రంలో '1-20' అని ఉంటే ఎకరా ఇరవై గుంటలు, అనగా సరిగ్గా ఎకరంన్నర. దానిని ఎకరా ఇరవై సెంట్లుగా భావించిన వారు 30 సెంట్లు తక్కువగా లెక్కించినట్లే. అందుచేత పత్రం చదివేటప్పుడు అంకెకన్నా ముందు అది ఏ ప్రమాణంలో ఉన్నదో చూసుకోవడం అవసరం.