టెలిఫోన్ తీగతో అల్లినా జులూ బుట్టే

ఆఫ్రికా బుట్టల గురించి బాగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది. ఆకుతోనో గడ్డితోనో, తాతల నాటి తీరు తప్పకుండా ఆడవాళ్లు అల్లితేనే అది అసలైన బుట్ట అనీ, రంగురంగుల టెలిఫోన్ తీగతో అల్లిన గిన్నె పర్యాటకుల కోసం పుట్టిన నకిలీ అనీ చాలామంది నమ్ముతారు. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ ప్రాంతంలో జులూల పనితనాన్ని గమనిస్తే ఈ నమ్మకం నిలవదు. అక్కడ బుట్టలల్లడం ఒకప్పుడు ప్రధానంగా మగవాళ్ల పని. ఆడవాళ్ల చేతికి ఎక్కువగా వచ్చింది 20వ శతాబ్దంలోనే. ఇటీవలి కాలపు గొప్ప పనివాళ్లలో ఒకరైన రూబెన్ ఎన్‌డ్వాండ్వే కూడా పురుషుడే. ఇక తీగ సంగతి. జొన్న బీరు కుండల మీద బోర్లించే చిన్న మూతను ఇంబెంగే అంటారు. దాన్ని గడ్డితో, తాటిచెట్టుకు చుట్టమైన ఇలాలా ఆకుతో అల్లేవారు. పని కోసం డర్బన్ చేరిన జులూ కాపలాదారులు రాత్రిళ్లు పనికిరాని టెలిఫోన్ తీగను తమ చేతికర్రలకు అలంకారంగా చుట్టేవారు. అదే తీగతో తర్వాత ఇంబెంగేలూ అల్లారు. ఊళ్లో ఉన్నప్పుడు ఇలాలా ఆకు, నగరంలో తీగ: దొరికినదాన్ని పనికి లొంగదీసుకోవడమే ఆ అల్లికకు మొదటి నుంచీ ఉన్న గుణం.

అమ్మకం కోసం చేసేది సంప్రదాయం ఎలా అవుతుందని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను ఇలాలా బుట్టల విషయంలోనూ అడగాలి కదా? సత్తు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాక ఇళ్లలో ఆ బుట్టల అవసరం సన్నగిల్లింది. 1970లలో ఎషోవే అనే పట్టణంలో చర్చి అండతో నడిచిన వుకాని సంఘం పల్లెల్లో అల్లినవాటిని కొని, బయట అమ్మిపెట్టింది. కొనేవాళ్లు దొరికారు కాబట్టే ఆ పని కొత్త చేతులకు అందింది. అంటే 'స్వచ్ఛమైన' బుట్టను బతికించిందీ బజారే.

ముడిసరుకు ఏదైనా ఒకటేనని మాత్రం నేననను. ఇసిచుమో అనే సన్నమూతి బుట్టలో బీరు పోస్తే తడికి నార ఉబ్బి, సందులు మూసుకుపోతాయి. లోపల ఏ పూతా అక్కర్లేదు. బుట్టలో ద్రవం నిలవదనుకునేవాళ్లు చూడాల్సిన పనితనమిది. తీగ ఉబ్బదు, కాబట్టి ఈ విద్య దానికి రాదు. ఇలాలా అల్లిక పోతే తీగ ఆ లోటు తీర్చలేదు. అందుకే రెండూ నిలవాలి.

అయితే ఆకుతో చేసినదంతా ప్రకృతికి మేలే అనుకోవడమూ అపోహే. బోట్స్వానాలో బుట్టలకు గిరాకీ పెరిగాక మొకోలా తాటిచెట్ల మీద, రంగు కోసం బెరడూ వేళ్లూ తీసే చెట్ల మీద ఒత్తిడి పెరిగింది. లేత ఆకుల్ని పదే పదే కోస్తే చెట్టు కోలుకోలేదు. వేళ్లు తవ్వినా, బెరడు చుట్టూ ఒలిచినా ఎండిపోవచ్చు. అసలైనదే కావాలని పట్టుబట్టే కొనుగోలుదారు బుట్ట వయసు గురించి కాక, ఆ ఆకు ఎక్కడ కోశారో, మళ్లీ చెట్లు నాటారో లేదో అడిగితే అల్లేవాళ్లకు ఎంతో మేలు.