ఆది జాకెట్టును నమ్ముకుంటే తిప్పలే

కామారెడ్డి: పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల్లో టైలర్లకు ఊపిరి సలపదు. లింగంపేట, నాగిరెడ్డిపేట వైపు పల్లెల నుంచి వచ్చే ఆడవారు సంచిలో కొత్త చీరతోపాటు పాత జాకెట్టు ఒకటి తెస్తారు. అదే ఆది. దీని మీదనే కుట్టమని చెప్పి బస్సు వేళకు వెళ్లిపోతారు. ఆ ఆది ఏ నాలుగేళ్ల కిందటిదో అయి ఉంటుంది. ఈలోగా ఒక కాన్పు అయి ఉండవచ్చు, ఒళ్లు చేసి ఉండవచ్చు, చిక్కి ఉండవచ్చు. పెళ్లి పొద్దున హుక్కులు పడకపోతే తప్పెవరిదో తేల్చే తీరిక అప్పుడెవరికీ ఉండదు.

ఆది పద్ధతి ఊరికే రాలేదు. టైలర్లంతా మగవారే అయిన రోజుల్లో టేపు పట్టించుకోవడానికి సిగ్గుపడి ఆడవారు పాత జాకెట్టు పంపేవారు. నేడు ఇళ్లలో మిషన్లు పెట్టుకుని కుట్టే ఆడవారు పల్లెల్లోనూ ఉన్నారు. అయినా ఆది అలవాటు పోలేదు.

చీరను ఏ ఒంటికైనా సర్దుకోవచ్చు. అయిదున్నర మీటర్ల బట్టలో కుచ్చిళ్లు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. జాకెట్టుకు ఆ వెసులుబాటు లేదు. చీరకు వేలు పోసినవారు కూడా జాకెట్టు కొలతల దగ్గరే తొందరపడుతున్నారు.

2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడివడి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో బీడీలు చుట్టి బతికే స్త్రీలు ఎందరో. చాట ఒడిలో పెట్టుకుని గంటల తరబడి ముందుకు వంగి కూర్చునే పని అది. భుజాలు ముందుకు వంగిన ఒంటికి ఛాతీ, నడుము మాత్రమే కొలిచి కుడితే చంకల దగ్గర పట్టేస్తుంది, చెయ్యి చాపినప్పుడల్లా జాకెట్టు పైకి లేస్తుంది. చేతులు ముందుకు చాపించి వీపు వెడల్పు కూడా కొలవడం నిమిషం పని. టైలర్ కొలవకపోతే అడిగి కొలిపించుకోవాలి.

ఇక ఎంపిక సంగతి. పొట్టిగా ఉన్నవారికి జానెడు అంచు చీర ఎత్తును మరింత తగ్గించి చూపుతుంది. సన్నంచు చీర, దాని రంగులోనే జాకెట్టు నప్పుతాయి. పొడుగ్గా, సన్నగా ఉన్నవారికి పెద్దంచులు, పెద్ద పూలు, గంజి పెట్టిన నూలు చీరలు నిండుదనాన్నిస్తాయి. అదే గంజి చీర లావుగా ఉన్నవారికి గుడారంలా నిలబడుతుంది. వారికి ఒంటిపై జారే క్రేపు, జార్జెట్టు మేలు. లోపలి లంగాకు నడుము దగ్గర కుచ్చులు తగ్గించి ముక్కలుగా కుట్టించుకున్నా నడుము సన్నబడినట్టే కనిపిస్తుంది. భుజాలు వెడల్పుగా ఉంటే బుట్ట చేతుల జోలికి పోకూడదు. మెడ కురచగా ఉంటే కాలరు జాకెట్టు వద్దు. చేతులు లావైతే చెయ్యి బాగా లావుగా ఉన్నచోటనే కుట్టు ఆగకుండా మోచేతి దాకా దించాలి. దుకాణంలో నలుగురి ముందు "మీకిది బాగుండదమ్మా" అనే సేల్స్‌మన్‌కు ఇవన్నీ తెలుసునో లేదో గానీ, కొనేవారు తెలుసుకుని వెళితే ఆ మాట పడవలసిన పని లేదు.

నిలువు చారలు సన్నగా చూపుతాయని, అడ్డచారలు లావుగా చూపుతాయని అందరూ అనుకునేదే. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే ఇందుకు భిన్నంగా చెప్పాడు. ఒకే కొలత గల రెండు చతురస్రాల్లో అడ్డగీతలున్నది మరింత ఎత్తుగా, సన్నగా కనిపిస్తుందని రాశాడు. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దుస్తుల మీద పరీక్షించి, అడ్డచారలు లావు చేయవని 2011లో ప్రకటించారు. కనుక చారల గురించి మరీ బెంగపడనక్కరలేదు. కుట్టు సరిపడిందా లేదా అన్నదే ముందు చూడాలి.

లావుగా ఉన్నవారికి మరో చిక్కుంది. చీరతో వచ్చే జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లే. మోచేతి దాకా చేతులు కావాలంటే అది చాలకపోవచ్చు. టైలర్ చేతులు కురచ చేస్తాడు, లేదా వేరే బట్ట అతుకుతాడు. అలాంటివారు చీర కొన్న రోజే అదే రంగు బట్ట మీటరు తీసుకుంటే రెండోసారి తిరిగే బాధ తప్పుతుంది. నూలు లైనింగును ముందే నానబెట్టి ఆరబెట్టకపోతే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి పైబట్ట ముడతలు పడుతుంది.

పక్క కుట్లలో బట్ట కత్తిరించేయకుండా ఒక్కో వైపు అంగుళమైనా లోపలికి వదలమని అడగాలి. కాన్పు తర్వాత కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి అదే ఆధారం. జాకెట్టు చేతికి వచ్చాక అడిగితే లాభం లేదు. కత్తెర పడకముందే చెప్పాలి.