ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి: ఎస్‌ఏపీలో ఒక్క లైన్ కాపీ వెనక ఇంత కథ ఉందా?

కొత్త ఫోన్ లాంచ్ అయిందంటే మనం ముందుగా చూసేది ర్యామ్. 8 జీబీయా, 12 జీబీయా అని కామెంట్లలో కొట్టుకుంటాం. కానీ ఆ ర్యామ్ లోపల డేటా ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా కాపీ అవుతుందన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఫోన్‌లో అయితే పట్టించుకోకపోయినా నడిచిపోతుంది. కంపెనీల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌లో మాత్రం అలా కుదరదు. అక్కడ కాపీ తేడా కొడితే ఎవరో ఒకరికి రావాల్సిన డబ్బు ఆగిపోతుంది.

నాది గోదావరి జిల్లా. మా వైపు కాకినాడ, భీమవరం, రాజమండ్రి కాలేజీల్లో బీటెక్ పూర్తి చేసి, గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, అమీర్‌పేటలో ఎస్‌ఏపీ కోర్సులో చేరేవాళ్లు ప్రతి ఊరిలో ఒకరైనా ఉంటారు. నేనూ ఆ దారిలోనే వచ్చి ఇప్పుడు అబాప్ డెవలపర్‌గా పని చేస్తున్నా. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ పక్కన పెట్టి, నా రోజువారీ పనిలో ఒక చిన్న ముక్క గురించి చెప్తాను.

అసలు ఇంటర్నల్ టేబుల్ అంటే ఏంటి?

ఎస్‌ఏపీని 1972లో జర్మనీలో ఐదుగురు మాజీ ఐబీఎం ఇంజినీర్లు మొదలుపెట్టారు. కొనుగోళ్లు, అమ్మకాలు, జీతాలు, స్టాకు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడపడం దాని పని. అందులో ప్రోగ్రాములు రాసే భాషే అబాప్. డేటాబేస్‌లో ఉన్న రికార్డులను ప్రోగ్రాం తన మెమరీలోకి తెచ్చుకుని వరుసలు, కాలమ్‌లుగా పెట్టుకుంటుంది. దాన్నే ఇంటర్నల్ టేబుల్ అంటారు. ప్రోగ్రాం ముగిస్తే అదీ పోతుంది. ఎక్సెల్ షీట్ ఒకటి ర్యామ్‌లో తెరిచి, సేవ్ చేయకుండా వాడుకున్నట్టు అనుకోండి.

అలాంటి టేబుల్స్ ఒక ప్రోగ్రాంలో పదుల్లో ఉంటాయి. ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి తేవడం రోజూ ఉండే పనే. దానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

దారి 1: నేరుగా సమానం పెట్టేయడం

ఐట్యాబ్2 = ఐట్యాబ్1. అంతే, అయిపోయింది. రెండో టేబుల్‌లో అంతకుముందు ఉన్నది మొత్తం పోయి, మొదటి టేబుల్‌లోది వచ్చి కూర్చుంటుంది. ఉన్నదానికి కలపాలంటే సమానం పనికిరాదు, అపెండ్ లైన్స్ ఆఫ్ వాడాలి. అది కొత్త వరుసలను చివరన చేరుస్తుంది. సార్టెడ్, హ్యాష్డ్ టేబుల్స్‌కి అయితే ఇన్సర్ట్ లైన్స్ ఆఫ్ వాడతారు. యూనిక్ కీ ఉన్న టేబుల్‌లోకి అలా గుంపుగా చేర్చేటప్పుడు ఒక్క డూప్లికేట్ కీ తగిలినా ప్రోగ్రాం డంప్ అయి ఆగిపోతుంది.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి, సమానం గుర్తు కాలమ్ పేర్లు చూడదు. రెండు టేబుల్స్‌లో కాలమ్‌ల రకాలు, పొడవులు అదే వరుసలో సరిపోతే చాలు, పేర్లు వేరైనా కాపీ చేసేస్తుంది. ఒక టేబుల్‌లో ఊరు తర్వాత మండలం, ఇంకోదాంట్లో మండలం తర్వాత ఊరు ఉండి, రెండూ ఒకే పొడవు అక్షరాలైతే అవి తారుమారైపోతాయి. సిస్టమ్ కిక్కురుమనదు.

రెండోది పాత కోడ్‌లో హెడర్ లైన్. పాతరోజుల్లో టేబుల్‌కి, దాని పని వరుసకి ఒకే పేరు పెట్టేవాళ్లు. అలాంటి చోట మామూలుగా సమానం పెడితే కాపీ అయ్యేది ఆ ఒక్క వరుసే. మొత్తం టేబుల్ రావాలంటే పేర్ల పక్కన [] పెట్టాలి. క్లాసుల్లో హెడర్ లైన్‌ని నిషేధించారు కానీ, 20 ఏళ్ల నాటి రిపోర్టులు ఇంకా నడుస్తున్న కంపెనీల్లో ఇది రోజూ కనిపిస్తుంది. ఇంటర్వ్యూలోనూ ఈ ప్రశ్న ఇంకా వస్తుంది, ఫ్రెషర్లు గుర్తుపెట్టుకోండి.

దారి 2: పేరు చూసి కాపీ

రెండు టేబుల్స్ నిర్మాణం వేరైతే మూవ్ కరెస్పాండింగ్ వాడతాం. పేరు కలిసిన కాలమ్‌లే కాపీ అవుతాయి, కలవనివి ఉండిపోతాయి. ఒకప్పుడు దీన్ని లూప్ పెట్టి వరుస వరుసకీ రాయాల్సి వచ్చేది. అబాప్ 7.40 నుంచి టేబుల్ మొత్తానికి ఒకే లైన్‌లో పెట్టొచ్చు. అయితే ఇది కూడా టార్గెట్‌లో ఉన్న పాత వరుసలను తుడిచేస్తుంది. అవి ఉండాలంటే కీపింగ్ టార్గెట్ లైన్స్ అని చెప్పాలి.

అదే వెర్షన్‌లో కరెస్పాండింగ్ ఆపరేటర్ కూడా వచ్చింది. పేర్లు వేరైతే మ్యాపింగ్ రాయొచ్చు, వద్దనుకున్న కాలమ్‌ని ఎక్సెప్ట్‌తో ఆపొచ్చు, పాత వరుసలు ఉంచాలంటే బేస్ వాడొచ్చు.

ఒకే పేరు, వేరే అర్థం

పేరు కలిస్తే చాలా? దీనికి మా గోదావరి జిల్లాలకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు తూర్పు గోదావరి కేంద్రం కాకినాడ, పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు. ఆ రోజు నుంచి కాకినాడ, ఏలూరు వేరే జిల్లాలైపోయాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ వచ్చింది. తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రాలయ్యాయి. అసలు తమాషా కొవ్వూరుది. గోదావరికి పడమటి ఒడ్డున, 1974లో మొదలైన రోడ్ కమ్ రైలు వంతెనకి అవతలి వైపున ఉన్న ఊరు. అది వెళ్లి తూర్పు గోదావరిలో చేరింది. నిడదవోలు కూడా అంతే.

ఇప్పుడు రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీని ఊహించుకోండి. పాత డీలర్ల టేబుల్‌లో జిల్లా అనే కాలమ్, కొత్త టేబుల్‌లో కూడా జిల్లా అనే కాలమ్. లారీ కిరాయి జిల్లాని బట్టి లెక్క కడతారు. మూవ్ కరెస్పాండింగ్ పెడితే పేరు కలిసింది కాబట్టి విలువ హాయిగా కాపీ అయిపోతుంది. కొవ్వూరు డీలర్ పక్కన పశ్చిమ గోదావరి అనే ఉంటుంది. భీమవరం చుట్టుపక్కల ఊళ్లకి పెట్టిన కిరాయి కొవ్వూరు ట్రిప్పుకి పడుతుంది. ఎర్రర్ రాదు, డంప్ రాదు. నెలాఖరులో లారీ ఓనర్ ఫోన్ చేసి అడిగితే తప్ప ఎవరికీ తెలియదు.

బ్యాంకు అకౌంట్ కాలమ్ సంగతి ఇంకా ఘోరం. పాత టేబుల్‌లో ఒక పేరు, కొత్తదాంట్లో ఇంకో పేరు ఉంటే అది ఖాళీగా మిగిలిపోతుంది. దీనికీ సిస్టమ్ ఏమీ అనదు. పేమెంట్ రన్ రోజున ఆ డీలర్‌కి డబ్బు వెళ్లదు, అంతే.

నేను కోడ్ రివ్యూ చేసేటప్పుడు కరెస్పాండింగ్ కనిపిస్తే రెండు ప్రశ్నలు అడుగుతాను. పేరు కలవని కాలమ్‌లు ఏవి? పేరు కలిసినా అర్థం మారినవి ఏవి? మొదటిదానికి మ్యాపింగ్ చాలు. రెండోదానికి ఏ కీవర్డూ లేదు. ఊరి నుంచి కొత్త జిల్లా చెప్పే టేబుల్ ఒకటి పెట్టుకుని దాంట్లో వెతికి నింపాల్సిందే.

దారి 3: కావాల్సినవే కాపీ

అన్ని వరుసలూ అక్కర్లేనప్పుడు ఫిల్టర్ ఉంది. షరతు రాస్తే దానికి సరిపడే వరుసలతో కొత్త టేబుల్ ఇస్తుంది. దానికి సార్టెడ్ కీగానీ హ్యాష్డ్ కీగానీ ఉండాలి. ఇలా వడకట్టిన టేబుల్‌ని ఫర్ ఆల్ ఎంట్రీస్‌కి ఇచ్చేవాళ్లు ఎక్కువ. అక్కడ జాగ్రత్త. ఆ టేబుల్ ఖాళీగా వస్తే డేటాబేస్ షరతు మొత్తాన్ని పక్కన పెట్టి అన్ని రికార్డులూ తెచ్చి పడేస్తుంది. ఖాళీయా కాదా అని ముందే ఒక చెక్ పెట్టండి.

మరి మెమరీ రెట్టింపు అవుతుందా?

పది లక్షల వరుసల టేబుల్‌ని సమానంతో కాపీ చేస్తే ర్యామ్ రెండింతలు తినేస్తుందా? వెంటనే తినదు. అబాప్ ముందు రెండు పేర్లనీ ఒకే డేటాకి తగిలిస్తుంది. ఏదో ఒక టేబుల్‌లో మార్పు చేసినప్పుడే అసలు కాపీ జరుగుతుంది. దీన్ని కాపీ ఆన్ రైట్ అంటారు. టేబుల్ వరుసలో ఇంకో టేబుల్ దాగి ఉంటే మాత్రం ఈ సదుపాయం ఉండదు.

ఇదే ట్రిక్ మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ఉంది. జైగోట్ అనే ప్రాసెస్ ముందే కావాల్సినవి లోడ్ చేసుకుని కూర్చుంటుంది. మీరు యాప్ తెరవగానే దాని నుంచి ఇంకో ప్రాసెస్ పుడుతుంది. మార్పు జరిగేదాకా ఇద్దరూ అదే మెమరీని పంచుకుంటారు. యాప్‌లు త్వరగా తెరుచుకోవడానికి, ర్యామ్ ఆదా కావడానికి ఇదొక కారణం.

2015లో వచ్చిన ఎస్4 హానాలో డేటాబేసే మెమరీలో ఉంటుంది. అందుకే లెక్కలు డేటాబేస్‌లోనే చేయించి, ఫలితం మాత్రమే ప్రోగ్రాంలోకి తెచ్చుకోమంటున్నారు. దాంతో కాపీలు తగ్గుతాయి. పూర్తిగా పోవు.

ఫైనల్ వెర్డిక్ట్

రెండు టేబుల్స్ అచ్చంగా ఒకటే అయితే సమానం. ఉన్నదానికి చేర్చాలంటే అపెండ్ లేదా ఇన్సర్ట్. నిర్మాణం వేరైతే మ్యాపింగ్ రాసిన కరెస్పాండింగ్. కొన్నే కావాలంటే ఫిల్టర్. ఏది వాడినా కాపీ అయ్యాక వరుసల సంఖ్య ఒకసారి సరిచూడండి, డబ్బుకి సంబంధించిన కాలమ్ ఒక్కటైనా ఖాళీగా ఉందేమో వెతకండి. ఆ చెక్‌కి మీకు రెండు నిమిషాలు పడుతుంది. అది లేకపోతే కొవ్వూరు లారీ ఓనర్ కిరాయి డబ్బు కోసం నెలంతా తిరగాలి.