చాట్‌బాట్ తప్పు చెబితే.. లోపం అడిగినవారిదేనా?

‘అడగడం తెలిస్తే ఏఐ సరైన జవాబే ఇస్తుంది’ అనే మాట తరచూ వినిపిస్తోంది. అందులో నిజం సగమే.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్‌లో 1,298 మందితో ప్రయోగం చేశారు. రోగి వివరాలను నేరుగా ఇచ్చినప్పుడు ఏఐ మోడళ్లు 94.9 శాతం సందర్భాల్లో జబ్బును గుర్తించాయి. అవే మోడళ్లను మామూలు జనం వాడినప్పుడు అది 34.5 శాతం లోపే. లక్షణాలను అరకొరగా చెప్పడం ఒక కారణమైతే, ప్రశ్నలో కొద్దిపాటి తేడాకే మోడళ్లు వేర్వేరు సలహాలివ్వడం మరొకటి.

నేర్పుతో తీరని సమస్య ఇంకొకటుంది. ఏవియాంకా విమానయాన సంస్థపై న్యూయార్క్‌లో నడిచిన కేసులో, 30 ఏళ్ల అనుభవమున్న న్యాయవాది చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను నమ్మారు. అవి అసలు లేనేలేవు. ‘నిజమైనవేనా?’ అని అడిగితే, అవునంది. 2023 జూన్‌లో న్యాయవాదులకు, వారి సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది.

చాట్‌బాట్ తర్వాత రావాల్సిన పదాన్ని అంచనా వేస్తూ వాక్యాలు అల్లుతుంది. నిజమైనా కల్పితమైనా అదే ధీమాతో చెబుతుంది. చక్కగా అడిగితే తప్పులు తగ్గొచ్చు. మిగిలిన తప్పును పట్టాలంటే మాత్రం కోర్టు రికార్డునో, డాక్టర్‌నో ఆశ్రయించాల్సిందే.