క్రొత్త విమాన కంపెనీలు – పరీక్షాధికారుల కొరత

2025 డిసెంబరు మొదటివారమున దేశమందలి విమానాశ్రయములలో ప్రయాణికులు పడిన పాట్లను పాఠకులు మరచియుండరు. చోదకుల విశ్రాంతికి సంబంధించిన క్రొత్త నిబంధనలు అమలులోనికి వచ్చునని ముందుగనే తెలిసియు, తగినంతమంది చోదకులను సిద్ధపరచుకొనకపోవుటచే ఇండిగో కంపెనీ వేలకొలది ప్రయాణములను రద్దుచేసెను. దేశములోపల విమానమెక్కు ప్రతి 100 మందిలో రమారమి 65 మంది ఆ యొక్క కంపెనీ టిక్కెట్టు కొనువారే. కంపెనీని నిలుపుటకు వీలులేక ప్రభుత్వమువారు నిబంధననే కొంతకాలము సడలించిరి. రేవునకు ఒకే బల్లకట్టు ఉన్నచోట బల్లకట్టువాడు చెప్పినదే రేటు, వాడు కట్టినదే వేళ.

ఆ మాసాంతమునకు ముందే పౌర విమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన నాయుడుగారు అల్ హింద్ ఎయిర్, ఫ్లై ఎక్స్‌ప్రెస్ అను రెండు నూతన సంస్థలకు తమ శాఖ ఆక్షేపణ లేదను పత్రము నిచ్చినదని ప్రకటించిరి. ఉత్తర ప్రదేశమునకు చెందిన శంఖ్ ఎయిర్‌కు అంతకు పూర్వమే అట్టి పత్రము లభించియుండెను. రేవునకు మరికొన్ని బల్లకట్లు వచ్చుటను మేము హర్షింతుము. కాని ఆ పత్రము చూచి, మరుసటి దినముననే విమానము లెగురునని భ్రమపడినవారు మా మిత్రులలోనే కొందరు కలరు.

ఆక్షేపణ లేదను పత్రమునకును, ఎగురుట కధికారమిచ్చు పత్రమునకును నడుమనున్న దూరము స్వల్పము కాదు. మొదటిది మంత్రిత్వశాఖ ఇచ్చునది. ‘మీరు ప్రయత్నింపవచ్చును’ అనుటకంటె దానికి పెద్ద యర్థము లేదు. రెండవది పౌర విమానయాన డైరెక్టరేటు జనరలువారు, అనగా డి.జి.సి.ఎ.వారు ఇచ్చు ఆపరేటరు సర్టిఫికెటు. ముందు సంప్రదింపు, పిమ్మట దరఖాస్తు, అటుపై గ్రంథముల పరిశీలన. గ్రంథములనిన నిజముగ గ్రంథములే. చోదకుడు ఏవేళ ఏమి చేయవలెనో, యంత్రమును ఎవరు విప్పి ఎవరు బిగింపవలెనో, సిబ్బందికి శిక్షణ ఎట్లీయవలెనో సంపుటములుగ వ్రాసి సమర్పింపవలెను. బాధ్యత వహించు ముఖ్యాధికారు లొక్కొక్కరును ఆమోదము పొందవలెను. నాల్గవ దశ ప్రత్యక్ష పరీక్ష. టిక్కెట్టు కొన్న ప్రయాణికులు లేకుండ, పరీక్షాధికారులను ఎక్కించుకొని, విమానము నిజమైన మార్గములలో ఎగురవలెను. దిగవలసిన ఊరిని మంచు కప్పినది, ఎచటికి పోవుదురు? ప్రయాణికుని కొకనికి గుండెనొప్పి వచ్చినది, ఏమి చేయుదురు? ఇట్టి ప్రశ్నలకు కాగితముమీద గాక చేతలలో సమాధానము చెప్పవలెను. అది ముగిసిన పిమ్మటనే సర్టిఫికెటు.

ఆకాశ ఎయిర్ సంగతి తీసికొందము. దానికి ఆక్షేపణ లేదను పత్రము 2021 అక్టోబరులో దొరకెను. మరుమాసమున 72 బోయింగు విమానములకు ఆర్డరిచ్చిరి. మొదటి విమానము 2022 జూన్ 21వ తేదీన దేశమునకు చేరెను. సర్టిఫికెటు జులై 7వ తేదీన వచ్చెను. ఆగస్టు 7వ తేదీన బొంబాయినుండి అహమ్మదాబాదునకు తొలి ప్రయాణము జరిగెను. ధనబలము, అనుభవజ్ఞులు గల ఆ కంపెనీకే మంత్రిత్వశాఖ పత్రమునుండి సర్టిఫికెటు వరకు తొమ్మిది మాసములు పట్టినది. ధనబలము లేనివాని మాట యేమి? చిన్న కంపెనీలు విమానములను కొనవు, కౌలునకు తెచ్చుకొనును. పరీక్ష జరుగువరకు విమానము నేలమీద నిలిచియుండును; కౌలుమాత్రము నిలువదు. చోదకునకు జీతము, ఇంజనీరునకు జీతము, ఆఫీసునకు అద్దె. పైరు పండి కోతకు వచ్చి, కూలీలు దొరకక చేలో రాలిపోవుచుండగా గట్టుపై కూర్చున్న కౌలురైతు వ్యథను గ్రామములయందున్న మా పాఠకులకు మేము వర్ణింప నక్కరలేదు.

అట్లని పరీక్షను తేలిక చేయుడని కోరువారితో మేము ఏకీభవింపము. ఆకాశ ఎయిర్ తెచ్చిన విమానము బోయింగు 737 మాక్స్ తరగతిలోనిది. అదే తరగతి విమానములు 2018 అక్టోబరులో ఇండోనేషియాలోను, 2019 మార్చిలో ఇథియోపియాలోను కూలి 346 మంది మరణించిరి. విమానముల పరీక్షలో లోకమునకే గురువని పేరొందిన అమెరికా ప్రభుత్వశాఖ, ఆ పరీక్షలో పెద్దభాగమును తయారుచేసిన కంపెనీ ఉద్యోగులకే అప్పగించియుండెనని విచారణలో బయటపడెను. ధాన్యము అమ్ముకొనువాని చేతికే కాటా ఇచ్చినట్లయ్యెను. మన దేశములో 2019 మార్చిలో నిలిపివేయబడిన ఆ విమానములు, లోపము సవరింపబడిన పిమ్మట 2021 ఆగస్టులోగాని తిరిగి యెగురుట కనుమతి పొందలేదు.

లైసెన్సు అను మాట వినినంతనే అనుమానపడుట మనకు పరంపరగా వచ్చినది; దానికి కారణమును లేకపోలేదు. 1906లో చిదంబరం పిళ్ళెగారు తూత్తుకుడిలో స్వదేశీ స్టీము నావికా కంపెనీని స్థాపించినప్పుడు ఆంగ్ల కంపెనీ ఛార్జీలను నేలకు దించగా, అధికారులు దానికే అండగా నిలిచిరి. 1908లో పిళ్ళెగారు చెరసాల పాలైరి. ఓడలు పరుల పాలయ్యెను. నాడు నిబంధన పరుని చేతి కర్ర. నేడు మన చేతిలోనిదే. 1934 నాటి విమాన చట్టము సయితము తొలగి, 2025 జనవరి 1వ తేదీనుండి భారతీయ వాయుయాన్ అధినియమము అమలులోనికి వచ్చినది. కర్ర మన చేతికి వచ్చిన క్రొత్తలో మన మొనర్చిన పొరపాటు వేరొకటి. యుద్ధానంతరము లైసెన్సులను పెండ్లి పందిట్లో తాంబూలములవలె పంచిపెట్టిరి. జస్టిస్ రాజాధ్యక్షగారి విచారణ సంఘము 1950లో, అవసరమునకు మించి లైసెన్సులిచ్చుట కంపెనీల నష్టములకు ముఖ్యకారణమని తేల్చెను. 1953లో ప్రభుత్వము తనలో కలుపుకొన్న కంపెనీలలో హైదరాబాదు వారి డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి.

కనుక కంపెనీలను పరీక్షింపవలెనా వలదా యనునది ప్రశ్న కాదు. పరీక్షించువారు చాలినంతమంది కలరా? 2014 జనవరిలో అమెరికావారు మన దేశమును భద్రతా పర్యవేక్షణలో రెండవ తరగతికి దించిరి. వారు తప్పు పట్టినది మన విమానములను గాదు. శిక్షణ పొందిన పరీక్షాధికారులు మన శాఖలో కొరవడిరని. ఆ మచ్చ 2015 ఏప్రిలుగాని తొలగలేదు. అంతవరకు మన కంపెనీలు అమెరికాకు క్రొత్త ప్రయాణములు చేర్చలేకపోయినవి. స్వతంత్ర దేశమునకు అంతకంటె తలవంపు ఏమున్నది? అయినను పాఠము వంటబట్టినట్లు లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము ఇచ్చిన నివేదిక ప్రకారము డి.జి.సి.ఎ.లో మంజూరైన 1,063 ఉద్యోగములలో భర్తీయైనవి 553 మాత్రమే. అనుభవముగల చోదకునకు ప్రైవేటు కంపెనీ ఇచ్చు జీతము సర్కారు ఇయ్యజాలదు. అందుచే పరీక్షింపవలసినవాడు పరీక్షింపబడువాని కొలువులోనికి పోవుచున్నాడు. అధికారులు తక్కువైనకొలది మంచి కంపెనీ కాచుకొని చిక్కిపోవును; లేదా తొందరపాటున చెడ్డ కంపెనీ గట్టెక్కును. ఈ రెండును ఒక్క కొరతనుండి పుట్టిన కవలలు.

మరియొక మాట. రెక్కలను పరీక్షించునంత శ్రద్ధతో, సర్టిఫికెటు ఇచ్చిన పిమ్మట కొక్కెరకు మేత కలదా అని చూచుచున్నారా? మూలధనము చూపవలెనను నిబంధన కలదు, నిజమే. విజయవాడ కేంద్రముగ 2013లో ఆరంభమైన ఎయిర్ కోస్తా ఈ పరీక్షలన్నియు నెగ్గినదే. మరుసటి యేట సింగపూరు ప్రదర్శనలో 50 ఎంబ్రాయరు విమానములకు ఆర్డరిచ్చెను. వానిలో ఒక్కటియు రాకమునుపే, 2017 ఫిబ్రవరి చివర కంపెనీ మూతపడెను. హైదరాబాదునుండి 2015లో బయలుదేరిన ట్రూజెట్, 2017 ఏప్రిలులో కడపకును నాందేడుకును ఉడాన్ పథకము క్రింద తొలి విమానములను నడిపి, 2022 ఫిబ్రవరిలో ఆగిపోయెను. ఆ కంపెనీలు భద్రతా పరీక్షలో ఓడి పడలేదు. కౌలు, జీతములు చెల్లింపలేక పడినవి. కడపవాసులు తమ యూరికి విమానము వచ్చినదని పండుగ చేసికొన్న అయిదేండ్లకు ఆ విమానము లేదు.

డిసెంబరులో పేర్కొనబడిన మూడు కంపెనీల దరఖాస్తులును ఏయే దశలో ఎన్నెన్ని దినములు నిలిచినవో, ఆ నిలుపుదల కంపెనీ లోపమో, అధికారి లేకపోవుటయో, మంత్రిగారు పార్లమెంటు ఎదుట పట్టికగ ఉంచుట కభ్యంతరము ఉండరాదు. 553 అను అంకె ఎంతవరకు పెరిగినదో ఆ పట్టికలోనే చేర్చినచో మరియు మేలు.