జనం ఖాళీ అయ్యాక ఉరుగ్వే

మన పిల్లలకు వేసవి సెలవులిచ్చే వేళకి ఉరుగ్వేలో చలికోట్లు బయటికి తీస్తారు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశం కాబట్టి రుతువులు తలకిందులు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఎండలు, జూన్ నుంచి ఆగస్టు దాకా చలి. తెలుగువాళ్లకు తీరిక దొరికే మే, జూన్ నెలలు అక్కడ పర్యాటకులు రాని ఆఫ్ సీజన్ అన్నమాట. అలాంటప్పుడు అంత దూరం వెళ్లడం డబ్బు దండగ కాదా అన్నది న్యాయమైన ప్రశ్నే.

ముందు దేశం కొలత చూద్దాం. బ్రెజిల్‌కీ అర్జెంటీనాకీ మధ్య, అట్లాంటిక్ ఒడ్డున, సుమారు 1.76 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త పెద్దదే. జనాభా మాత్రం 35 లక్షలు, తెలంగాణలో పదో వంతు. అందులో దాదాపు సగం మంది రాజధాని మాంటెవిడియోలోనూ దాని చుట్టుపక్కలా ఉంటారు. పశువుల సంఖ్య కోటి దాటుతుంది. నలుగురున్న ఇంటికి డజను లెక్క. రాజధాని దాటి గంట ప్రయాణిస్తే కిటికీలోంచి మనుషుల కంటే ఆవులే ఎక్కువ కనబడటంలో వింతేమీ లేదు.

మరి ఇంత చిన్న జనాభాకు సీజన్, ఆఫ్ సీజన్ తేడా ఎందుకంత? ఏడాదికి వచ్చే విదేశీయులు ముప్పై లక్షలకు పైమాటే, అంటే ఇంచుమించు దేశ జనాభా అంత. వాళ్లలో ఎక్కువమంది పక్కనున్న అర్జెంటీనావాళ్లు. జనవరిలో అందరూ ఒక్కసారిగా పుంటా డెల్ ఎస్టే లాంటి బీచ్ ఊళ్ల మీద పడతారు, గదుల అద్దెలు కొండెక్కుతాయి. మార్చి గడిచాక అవే గదులు ఖాళీ. కాబట్టి ధర తగ్గడం ఎవరో ఇచ్చే డిస్కౌంటు కాదు, గిరాకీ పడిపోవడం. అద్దె దగ్గర బేరం అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

చలి భరించగలమా? మాంటెవిడియోలో జులై పగటి ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలు, రాత్రి 7. హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజామున ఉండే చలి అక్కడి మధ్యాహ్నం ఉంటుంది. మంచు పడదు గానీ సముద్రపు గాలి కోస్తుంది. ఏడాదికి దాదాపు 1,100 మిల్లీమీటర్ల వాన అన్ని నెలలకూ పంచుకుని కురుస్తుంది కాబట్టి, వానలేని నెల అంటూ వెతుక్కోలేం. జూన్‌లో పగలు పది గంటలకు మించదు, సాయంత్రం ఆరు కాకుండానే చీకటి. చూడాల్సినవి మధ్యాహ్నం లోపు పెట్టుకోండి. బీచ్ ఇళ్లు చాలావరకు ఎండాకాలం కోసం కట్టినవి. గది తీసుకునే ముందు సముద్రం కనిపిస్తుందా అని కాదు, హీటర్ ఉందా అని అడగండి.

తిరగడం తేలిక. తీరం మొత్తం 660 కిలోమీటర్లు. ఆంధ్ర తీరం దానికంటే పొడవు. మాంటెవిడియోలోని ట్రెస్ క్రూసెస్ బస్ స్టేషన్ నుంచి పుంటా డెల్ ఎస్టే 130 కిలోమీటర్లు, రెండు గంటలు. పశ్చిమాన కొలోనియా డెల్ సాక్రమెంటో 180 కిలోమీటర్లు, మూడు గంటల లోపే. 1680లో పోర్చుగీసువాళ్లు కట్టిన ఆ ఊరి పాత పేటకు 1995లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఎగుడుదిగుడు రాళ్ల వీధులు జనం లేనప్పుడే బాగుంటాయి.

ఆఫ్ సీజన్‌లో నిజంగా మారిపోయేది కాబో పొలోనియో అనే తీర గ్రామం. జాతీయ రహదారి దగ్గర బస్సు దిగి, ఎత్తయిన చక్రాల ట్రక్కు ఎక్కి ఏడు కిలోమీటర్ల ఇసుకలో ఊగుతూ చేరాలి. ఊరికి కరెంటు లైను లేదు, వీధి దీపాల్లేవు. సౌర పలకలు, కొవ్వొత్తులతో సరిపెట్టుకుంటారు. దీపస్తంభం పక్క బండల మీద సీ లయన్లు, అంటే సముద్ర సింహాలు, గుంపుగా పడుకుని అరుస్తుంటాయి, వాటి వాసన దూరం నుంచే తగులుతుంది. చలికాలంలో హోటళ్లు చాలావరకు మూసేస్తారు, ట్రక్కులూ తగ్గుతాయి. ఆఖరి ట్రక్కు వేళ ముందే కనుక్కోండి, చేతిలో నగదు ఉంచుకోండి.

శాకాహారుల మాటేమిటి? గొడ్డు మాంసం తినే దేశమే, దాచేదేం లేదు. అయితే పిజ్జా దుకాణాల్లో ఫైనా అని దొరుకుతుంది. శనగపిండి, నీళ్లు, నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో పోసి పొయ్యిలో కాల్చి, పైన మిరియాల పొడి చల్లి ముక్కలు కోసిస్తారు. మన శనగపిండి అట్టుకు మందపాటి చుట్టం. చీజ్ పిజ్జా మీద దాన్ని మూతలా పెట్టుకుని తినడం అక్కడి అలవాటు.

ఇక డబ్బు. ఒక ఉరుగ్వే పెసో మన రెండు రూపాయలకు కాస్త అటూఇటూ. మామూలు వ్యాట్ 22 శాతం, ధరలోనే కలిసి ఉంటుంది. భోజనం బిల్లు 1,220 పెసోలైతే అందులో 220 పన్నే. విదేశీ కార్డుతో చెల్లించేవారికి హోటల్ భోజనంపై ఈ పన్నులో కొంత తగ్గించే పద్ధతి ఉంది. ఎంతన్నది మారుతుంటుంది కాబట్టి వెళ్లే ముందు చూసుకోండి. విదేశీ పర్యాటకులకు హోటల్ గది అద్దెపై ఈ పన్ను లేదు, పాస్‌పోర్టు చూపించాలి. అన్నట్టు, మన బ్యాంకులు విదేశీ చెల్లింపులపై 3.5 శాతం దాకా వడ్డించొచ్చు; పదివేలకు 350 రూపాయలు. మీ కార్డు సంగతి అడిగి తెలుసుకోండి.

అసలు ఖర్చు విమానమే. హైదరాబాద్ నుంచి సూటి విమానం లేదు, సావో పాలో మీదుగానో మాడ్రిడ్ మీదుగానో మారుతూ వెళ్లాలి. ఒక పగలూ రాత్రీ దాటుతుంది. వీసా కావాలి. రాయబార కార్యాలయం ఢిల్లీలో ఉంది. అక్కడ గడియారం మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. అంత దూరం వెళ్లి మూడు రోజులు ఉండి రావడం గిట్టుబాటు కాదు, కనీసం పది రోజులు పెట్టుకోండి.

ఆఫ్ సీజన్‌లోనూ రెండు రద్దీ వేళలున్నాయి. ఈస్టర్ వారాన్ని అక్కడ పర్యాటక వారం అంటారు, దేశమంతా ప్రయాణాలకు బయల్దేరుతుంది. జులైలో బడి సెలవులకు సాల్టో ఊరి వైపు వేడినీటి బుగ్గల దగ్గర గదులు దొరకవు. ఈ రెండూ తప్పించుకోండి.

నెల ఎంచుకోమంటే నేను మే కంటే అక్టోబరుకే ఓటేస్తాను. దసరా సెలవులు కలిసొస్తాయి, అక్కడ వసంతం, పగలు 20 డిగ్రీలు. సముద్రంలో దిగలేరు, నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. కానీ జులై నుంచి తీరానికి చేరే సదరన్ రైట్ తిమింగలాలు అప్పటికింకా వెళ్లిపోవు; రోచా, మాల్డొనాడో జిల్లాల ఒడ్డున నిలబడితే పడవ ఎక్కకుండానే కనిపించే అవకాశం ఉంది.