అనంతపురం పీఠభూమిలో వేసవి రాళ్లవానలు – పండ్లతోటల రక్షణ

అనంతపురం ప్రాంతంలో మంచు కురవదు. పుష్యమాసపు చలిలోనూ ఇక్కడి నేలపై మంచుగడ్డ కనిపించదు. ఆకాశం నుంచి మంచుగడ్డలు రాలేది సాధారణంగా ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే. హిమాలయ పర్వత ప్రాంతంలో వసంతకాలపు మంచుజల్లులు నేలను చేరాలంటే మేఘం మొదలు నేల వరకు చలి ఉండాలి. వడగళ్లు ఏర్పడాలంటే, అందుకు భిన్నంగా, నేల కాగి గాలి బలంగా పైకి లేవాలి. అందువల్ల ఎండ తీవ్రత పెరిగిన కొద్దీ, గాలిలో తేమ కూడా తోడైతే, రాళ్లవాన పడే అవకాశం పెరుగుతుందే గాని తగ్గదు.

వేసవిలో మరాఠ్వాడా, విదర్భల నుంచి కర్ణాటక లోతట్టు ప్రాంతం మీదుగా తమిళనాడు వైపు ఒక ద్రోణి తరచుగా ఏర్పడుతుంది. దానికి తూర్పున బంగాళాఖాతపు తేమగాలి, పడమట పొడిగాలి ఎదురెదురుగా చేరుతాయి. మధ్యాహ్నానికి కాగిన ఎర్రనేలల మీద గాలి వేగంగా పైకి లేచి క్యుములోనింబస్ మేఘంగా ఎదుగుతుంది. ఏప్రిల్ నెలలో దక్కను మీద గాలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు పడిపోయే ఎత్తు సుమారు 5 కిలోమీటర్లు. ఆపై పొరలలో, సున్నా కంటే చల్లబడినా గడ్డకట్టని నీటిబిందువులు మంచు కణాలకు అంటుకొని పొరలు పొరలుగా పెరుగుతాయి. పైకి నెట్టే గాలి మోయలేనంత బరువైనప్పుడు అవి రాలుతాయి. కింది వెచ్చని పొరను దాటే లోపు చిన్నవి కరిగి పెద్ద చినుకులవుతాయి. నేలను చేరే రాయి, ఆ ప్రయాణంలో కరిగినదంతా పోగా మిగిలినది మాత్రమే. పైన శీతల గాలి అదనంగా చేరిన రోజులలో నష్టం విస్తరిస్తుంది. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మహారాష్ట్రలో పంటలను ఊడ్చిన వడగళ్లు, 2023 మార్చి మధ్యలో వికారాబాద్ జిల్లా మర్పల్లి పరిసరాలలో నేలను తెల్లగా కప్పిన వడగళ్లు ఇందుకు ఉదాహరణలు.

అయితే వేసవి వాన ఈ ప్రాంతానికి శత్రువు కాదు. సాలీనా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఈ వర్షచ్ఛాయా ప్రాంతంలో ప్రతి చినుకుకూ విలువ ఉంది. భరణి కురిస్తే ధరణి పండుతుందన్న సామెత ఇక్కడి మెట్ట రైతుకు అనుభవసారం. అశ్విని, భరణి, కృత్తిక కార్తెల జల్లులకు వాలుకు అడ్డంగా దుక్కి చేస్తే తొలకరి నీరు పొలంలోనే ఇంకుతుంది. వేరుశనగను తినే ఎర్ర గొంగళి పురుగు కోశస్థ దశలు బయటపడి ఎండకు, పక్షులకు బలవుతాయి.

మారినది వాన కాదు, దాని కింద ఉన్న పంట. వేరుశనగే సర్వస్వంగా ఉన్న కాలంలో ఏప్రిల్ నాటికి మెట్ట పొలాలు ఖాళీగా ఉండేవి. రాళ్లు పడినా పోయేది తక్కువ. బోరుబావులు, బిందు సేద్యం వచ్చిన తరువాత చీనీ, దానిమ్మ, మామిడి, అరటి, బొప్పాయి తోటలు విస్తరించాయి. వీటిలో పలు తోటలు సరిగ్గా ఇదే కాలంలో పిందె మీదనో, కోత మీదనో ఉంటాయి. ఒకే మేఘం గట్టుకు ఇవతలి మెట్ట రైతుకు దుక్కి వాన, అవతలి తోట రైతుకు ఏడాది పెట్టుబడి పోవడం. 2025 మార్చి చివరి పక్షంలో యల్లనూరు, పుట్లూరు మండలాలలోను, పొరుగున కడప జిల్లా లింగాల మండలంలోను ఈదురుగాలులకు అరటితోటలు నేలకూలాయి. గెల బరువు మోస్తున్న చెట్టు రాళ్ల కంటే ముందు గాలికే పడిపోతుందని గుర్తించాలి.

జిల్లా స్థాయి సూచన రెండు మూడు రోజుల ముందు ఉరుముల వాన అవకాశాన్ని తెలుపగలదు. ఏ గ్రామంలో రాళ్లు పడతాయో తెలుపలేదు. రాడార్ ఆధారిత తక్షణ సూచన రెండు మూడు గంటల ముందు మాత్రమే అందుతుంది. ఆ వ్యవధిలో తోటకు చేయగలిగినది బహు స్వల్పం. పక్వానికి వచ్చిన కాయను కోయడం, కోసిన సరుకును కప్పడం, గొర్రెల మందలను ఒంటరి చెట్ల కిందనుంచి తప్పించడం వరకే సాధ్యం. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉపయోగపడుతుంది. అసలు రక్షణ ఫిబ్రవరి లోపే పూర్తి కావాలి. అరటికి వెదురు లేదా సర్వి కట్టెలతో ఊతం ఇవ్వాలి. అవిసె, సరుగుడు వంటి గాలి నిరోధకాలను పడమటి గట్టున మాత్రమే పెంచే అలవాటు చాలదు. మేఘం నుంచి దిగే చల్లగాలి నేలను తాకి అన్ని వైపులకూ చిమ్ముతుంది గనుక నాలుగు గట్లా ఉండాలి. దానిమ్మ వంటి అధిక విలువ గల పంటకు హిమాచల్ ఆపిల్ తోటలలో వలె వడగళ్ల వల వేయవచ్చు. పెద్ద శబ్దంతో మేఘాన్ని చెదరగొడతామనే యంత్రాలకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ వాతావరణ సంస్థ స్పష్టం చేసింది. అటువంటి వాటిపై రైతు డబ్బు వెచ్చించకుండా విస్తరణ సిబ్బంది వారించాలి.

రాళ్లు పడిన తరువాతి వారం నిర్ణాయకమైనది. తోటలో నిలిచిన నీటిని వెంటనే తీసివేయాలి. విరిగిన కొమ్మలను నునుపుగా కత్తిరించి కోతకు బోర్డో ముద్ద పూయాలి. దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు, చీనీ, నిమ్మలలో గజ్జి తెగులు గాయాల ద్వారా సులభంగా ప్రవేశిస్తాయి. కాబట్టి దెబ్బతిన్న కాయలను ఏరివేసి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేయడం ఆలస్యం కాకూడదు. కొత్త చిగురు కోసం నత్రజని అతిగా వేసే తొందర మాత్రం కూడదు. లేతచిగురు తెగుళ్లను ఆహ్వానిస్తుంది.

ఫసల్ బీమాలో నోటిఫై చేసిన పంటకు వడగళ్ల నష్టాన్ని స్థానిక విపత్తుగా పరిగణించి పొలం వారీగా అంచనా వేస్తారు. రైతు 72 గంటలలోపు తెలియజేయాలి. వాతావరణ ఆధారిత బీమా కింద ఉన్న తోటలకు వడగళ్ల రక్షణ అదనపు అంశంగా ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. ఈ దశలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. వర్షమాపకంలో పడిన రాయి కరిగి నీరుగానే కొలతకు వస్తుంది. తోటను ధ్వంసం చేసిన సాయంత్రం దస్తావేజులో 18 మిల్లీమీటర్ల మంచి వానగా నమోదు కావచ్చు. నెల చివర ఆ మండలం అధిక వర్షపాత మండలంగా కూడా కనిపించవచ్చు. అందువల్ల రైతు సేవా కేంద్రాల సిబ్బంది, క్షేత్ర పరిశీలన చేసే విద్యార్థులు రాళ్లు పడిన సమయం, ఎంతసేపు పడినది, గాలి వీచిన దిక్కు రాసుకొని, నాణెం పక్కన పెట్టి రాళ్లకు ఛాయాచిత్రం తీయాలి. రాయి కరిగేలోపు, అంటే పది పదిహేను నిమిషాలలో, ఈ పని పూర్తి కావాలి.